సోషలిజం వస్తే సమానత్వం దానంతటదే వస్తుందా?

ప్రశ్న: మా స్నేహితులం కొంతమందిమి వారానికోసారి కలిసి రాజకీయాల గురించి, ప్రభుత్వ వ్యవస్థల గురించి చర్చించుకుంటాం. నాకు సోషలిజం వైపు మొగ్గు ఎక్కువ. ఈమధ్య స్త్రీ పురుష సమానత్వం మాట వచ్చింది. ఒక మిత్రుడు "సొంత ఆస్తి పోతే స్త్రీల అణచివేత దానంతటదే పోతుంది, ముందు వర్గ సమస్య తేలాలి" అన్నాడు. ఇంకో మిత్రుడు "సోషలిస్టు దేశాల్లో ఆడవాళ్ళకు ఒరిగిందేమీ లేదు, ఓటుహక్కూ స్వేచ్ఛా మార్కెట్టూ ఉంటే చాలు" అన్నాడు. మరి ఇంటి చాకిరీ సంగతేమిటని నేనడిగితే ఇద్దరూ ఒక్కటైపోయారు. "అది ఇంటి విషయం, మనం వ్యవస్థ గురించి మాట్లాడుకుంటున్నాం" అన్నారు. నాకు నోట మాట రాలేదు. మొదటి మిత్రుణ్ణి కాదంటే సోషలిజానికే ద్రోహం చేస్తున్నట్టు అనిపిస్తోంది. ఇద్దరిలో ఎవరు రైటు? నేనెలా మాట్లాడాలి? ఈ టెన్షన్ ఎందుకని ఆ చర్చలకు వెళ్ళడం మానేయనా? (ఒక పాఠకురాలు)

సమాధానం: ఆ రోజు అక్కడ అసలైన ప్రశ్న అడిగింది మీరే. అన్నిట్లోనూ విభేదించే ఇద్దరు మనుషులు ఒకే ఒక్క దగ్గర కలిశారంటే, ఆ కలిసిన చోటే మనం చూడాలి. ఆస్తి ఎవరిది, అధికారం ఎవరిది అని గంటలకొద్దీ వాదించుకున్నవాళ్ళు, ఇంట్లో డబ్బు ఎవరి చేతిలో ఉంటుంది, చివరి మాట ఎవరిది, ఎవరి టైము ఎవరి కోసం ఖర్చవుతుంది అనగానే అది వ్యవస్థ కాదన్నారు. ఇవి కూడా ఆస్తి గురించి, అధికారం గురించి ప్రశ్నలే. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో ప్రచురించిన నివేదిక ప్రకారం, ఇంటిపని, పిల్లల పెంపకం, ముసలివాళ్ళ సేవ లాంటి జీతంలేని పనికి ప్రపంచంలో స్త్రీ రోజుకు సగటున 4 గంటల 25 నిమిషాలు పెడుతుంటే, పురుషుడు పెడుతున్నది గంటా 23 నిమిషాలు. ఈ పనిలో నాలుగింట మూడొంతులు ఆడవాళ్ళే చేస్తున్నారు. ఇంత శ్రమను లెక్కలోకి తీసుకోని ఆర్థిక వ్యవస్థ గురించిన చర్చ సగం చర్చే అవుతుంది.

ఇక ఎవరు రైటు అన్న సంగతి. ఇద్దరి దగ్గరా కొంత నిజం ఉంది. కానీ ఇద్దరూ రెండు వేరు వేరు ప్రశ్నల్ని కలిపేస్తున్నారు. సోషలిజం అనేది ప్రధానంగా ఉత్పత్తి సాధనాలు (ఫ్యాక్టరీలు, భూములు వంటివి) ఎవరి చేతిలో ఉండాలన్న దాని గురించి. ప్రజాస్వామ్యం అనేది నిర్ణయాలు ఎవరు తీసుకోవాలి, వాళ్ళు తప్పు చేస్తే జనం దించగలరా అన్న దాని గురించి. ఇవి ఒకదానికొకటి ఎదురు నిలబడే జంట కాదు. నియంత ఫ్రాంకో కాలపు స్పెయిన్‌లో సొంత ఆస్తి భద్రంగా ఉంది, ప్రజాస్వామ్యం లేదు. అక్కడ పెళ్ళైన స్త్రీ ఉద్యోగంలో చేరాలన్నా, బ్యాంకులో ఖాతా తెరవాలన్నా భర్త అనుమతి కావాల్సి వచ్చేది. ఆ నిబంధన 1975 దాకా నడిచింది. స్వీడన్‌లో పెద్ద పరిశ్రమలు చాలావరకు ప్రైవేటువే, ఎన్నికలు ఉన్నాయి, వాటితో పాటు గట్టి కార్మిక సంఘాలు, భారీ పన్నులు, వాటితో నడిచే సంక్షేమం ఉన్నాయి. సోవియట్ యూనియన్‌లో పరిశ్రమలు ప్రభుత్వానివి, పార్టీ ఒక్కటే. "సోషలిజమా, ప్రజాస్వామ్యమా" అని ఎవరైనా అడిగితే, ముందు ఆ ప్రశ్ననే విడదీయమనండి. మూడో ప్రశ్న, అంటే ఇంట్లో పాలన ఎవరిదన్నది, మీరు అడిగినది, ఈ రెండింటికీ పక్కనే వేరుగా నిలబడి ఉంటుంది. మొదటి రెండింటికి జవాబు దొరికినంత మాత్రాన దానికి దొరకదు.

మీ సోషలిస్టు మిత్రుడి వాదానికి మూలం చాలా గట్టిది. ఆడమనిషి లొంగుబాటు స్వభావంలో లేదనీ, ఆస్తి, వారసత్వం, కుటుంబం ఒక రూపం తీసుకున్న తీరులో ఉందనీ మార్క్స్ సహచరుడు ఎంగెల్స్ 1884లో రాశాడు. అప్పటిదాకా దేవుడు రాసిన రాతగా చెప్పుకున్నదాన్ని చరిత్రలో పుట్టిన ఏర్పాటుగా చూపించడం చిన్న విషయం కాదు. ఆ ఆలోచన ఆచరణలోకి వచ్చినప్పుడు జరిగింది కూడా చిన్నది కాదు. రష్యా విప్లవం మొదలైందే పెట్రోగ్రాడ్ బట్టల మిల్లుల ఆడవాళ్ళు 1917 మార్చి 8న సమ్మెకు దిగడంతో. వారం తిరిగేసరికి జారు చక్రవర్తి గద్దె దిగాడు. అదే ఏడాది డిసెంబరులో విడాకులు సులభం చేస్తూ, పెళ్ళిని చర్చి చేతుల్లోంచి తీసేస్తూ కమ్యూనిస్టుల (బోల్షివిక్) ప్రభుత్వం డిక్రీలు తెచ్చింది. 1918 కుటుంబ చట్టం పెళ్ళి లేకుండా పుట్టిన పిల్లలకు కూడా సమాన హక్కులిచ్చింది. 1920లో ఆసుపత్రుల్లో అబార్షన్‌ను చట్టబద్ధం చేసింది. విప్లవకారిణి అలెగ్జాండ్రా కొల్లొంటాయ్ మంత్రి పదవిలో కూర్చుంది. పార్టీలో స్త్రీల కోసం ప్రత్యేక విభాగం, జెనోత్‌దెల్, 1919లో ఏర్పడింది. సామూహిక భోజనశాలలు, శిశు కేంద్రాలు, లాండ్రీలు పెట్టి ఇంటి చాకిరీని ఇంటి బయటికి తేవాలని ఈ స్త్రీలు ఆలోచించారు. మీరడిగిన ప్రశ్న వాళ్ళు నూరేళ్ళ కిందటే ప్రభుత్వ విధానంగా మార్చాలని చూశారు. కాబట్టి "ఒరిగిందేమీ లేదు" అన్న మీ రెండో మిత్రుడి మాట నిలబడదు.

కానీ కథ అక్కడ ఆగలేదు. 1930లో జెనోత్‌దెల్‌ను మూసేశారు. స్త్రీల సమస్య పరిష్కారమైపోయింది కాబట్టి ఇక ప్రత్యేక విభాగం అక్కర్లేదన్నారు. 1936లో అబార్షన్‌ను నిషేధిస్తూ, విడాకులకు ఫీజులు పెంచుతూ కొత్త చట్టం తెచ్చారు. ఇక్కడ కాస్త ఆగి చూడండి. ఆ చట్టం ముసాయిదాను ముందు పత్రికల్లో వేసి జనాన్ని అభిప్రాయం అడిగారు. ఒకే గదిలో ఎలా బతకాలి, చదువెలా పూర్తిచేయాలి, పిల్లల్ని ఎక్కడ పెట్టాలి అని ఎందరో ఆడవాళ్ళు అభ్యంతరం రాశారు. వాటిలో కొన్ని అచ్చయ్యాయి కూడా. చట్టం మాత్రం జూన్ నెలాఖరుకి వచ్చేసింది. ఆస్తి వ్యవస్థ మారలేదు. పరిశ్రమలు ప్రభుత్వానివే. అయినా ఇచ్చిన హక్కు వెనక్కి వెళ్ళిపోయింది. ఎందుకంటే, ఆ హక్కును కాపాడటానికి ఆడవాళ్ళ సొంత సంఘం లేదు, ఆ నిర్ణయం తీసుకున్నవాళ్ళను దించే దారి లేదు. ప్రభుత్వానికి జనాభా పెరగాలనిపించింది, పెంచే పని ఆడవాళ్ళ మీద పెట్టింది. అబార్షన్ మళ్ళీ చట్టబద్ధం కావడానికి 1955 దాకా పట్టింది.

రొమేనియాలో ఇది ఇంకా ఘోరంగా జరిగింది. 1966లో నియంత చౌషెస్కూ ప్రభుత్వం డిక్రీ 770 తెచ్చి, కొద్ది మినహాయింపులతో అబార్షన్‌ను నిషేధించింది. మరుసటి ఏడాది పుట్టుకలు దాదాపు రెట్టింపయ్యాయి. తర్వాతి ఏళ్ళలో దొంగచాటు అబార్షన్లలో వేలమంది స్త్రీలు చనిపోయారు. 1989 డిసెంబరులో ఆ ప్రభుత్వం కూలగానే కొత్త పాలకులు మొట్టమొదట రద్దు చేసినవాటిలో ఆ డిక్రీ ఒకటి. "దానంతటదే" అన్న మాట ఇలాంటి చోట ఎవరూ అనలేరు.

అన్నిటికంటే నాకు ఎక్కువ చెప్పే ఉదాహరణ జర్మనీ. ఒకే భాష, ఒకే చరిత్ర ఉన్న దేశాన్ని రెండు ముక్కలు చేసి, రెండు వ్యవస్థల్లో నలభై ఏళ్ళు నడిపారు. పోలిక కోసం ఇంతకంటే మంచి చోటు దొరకదు. తూర్పు జర్మనీలో 1980ల చివరికి, చదువుకుంటున్నవాళ్ళతో కలిపితే, పనిచేసే వయసు స్త్రీలలో దాదాపు 90 శాతం మంది ఉద్యోగాల్లో ఉన్నారు. శిశు కేంద్రాలు దేశమంతా ఉండేవి. పశ్చిమ జర్మనీలో అయితే పెళ్ళైన స్త్రీ ఉద్యోగం చేయొచ్చు గానీ, అది భార్యగా, ఇల్లాలిగా తన విధులకు అడ్డు రానంత మేరకే అని చట్టంలోనే రాసి ఉండేది. ఆ వాక్యం 1977లో గానీ పోలేదు. ఇక్కడిదాకా చూస్తే మీ మొదటి మిత్రుడు గెలిచినట్టే. కానీ అదే తూర్పు జర్మనీలో నెలకొకసారి జీతంతో "ఇంటిపని రోజు" అని ఒక సెలవు ఉండేది. 1952లో పెళ్ళైన ఉద్యోగినులకు ఇచ్చారు. ఇల్లు శుభ్రం చేసుకోవడానికి, బట్టలు ఉతుక్కోవడానికి. మగవాళ్ళకు ఎప్పుడిచ్చారు? 1977లో, అదీ ఒంటరిగా పిల్లల్ని పెంచే తండ్రుల వంటి కొద్దిమందికి. దాన్ని మంచి మనసుతోనే ఇచ్చారని నేను నమ్ముతాను. అలసిపోయిన ఆడమనిషికి ఒక రోజు దొరికింది. కానీ ఆ సెలవు ఇవ్వడంలోనే, ఉతకడం, ఊడవడం ఎవరి పనో ప్రభుత్వం తేల్చి చెప్పేసింది. ఫ్యాక్టరీ యజమాని మారాడు, ఇంట్లో పనిమనిషి మారలేదు.

క్యూబా ఒక అడుగు ముందుకేసి, 1975 కుటుంబ చట్టంలో భార్యాభర్తలిద్దరూ ఇంటిపని, పిల్లల పెంపకం పంచుకోవాలని రాసింది. రాయడం గొప్పే. తర్వాత కూడా ఆ పనిలో ఎక్కువ భాగం ఆడవాళ్ళ మీదే ఉండిపోయింది.

ఇక అధికారం సంగతి. అంతరిక్షంలోకి మొదటి స్త్రీని 1963లో పంపింది సోవియట్ యూనియనే. అక్కడి డాక్టర్లలో ఎక్కువమంది ఆడవాళ్ళే. అదే దేశంలో పార్టీ అత్యున్నత కమిటీ అయిన పొలిట్‌బ్యూరోలో పూర్తి సభ్యత్వం దొరికిన స్త్రీ ఎకతెరీనా ఫుర్త్సేవా, 1957 నుంచి 1961 దాకా. ఆమె తర్వాత 1990 వరకు ఇంకొకరు లేరు. చైనాలో 2022లో ఏర్పడిన 24 మంది పొలిట్‌బ్యూరోలో ఒక్క స్త్రీ కూడా లేదు. 2015లో అక్కడ ఐదుగురు యువతులు బస్సుల్లో, రైళ్ళలో జరిగే లైంగిక వేధింపులకు వ్యతిరేకంగా స్టిక్కర్లు పంచాలనుకున్నారు. పంచకముందే, మార్చి 8కి ముందు, వాళ్ళను పట్టుకెళ్ళి 37 రోజులు నిర్బంధించారు. స్టిక్కర్‌కు భయపడే చోట సమానత్వం చట్టంలో ఎంత బాగా రాసి ఉన్నా, దాన్ని అమలు చేయమని అడిగే నోరు ఉండదు.

ఇదంతా విని మీ రెండో మిత్రుడు సంతోషపడితే, ఆయనకూ కొన్ని తేదీలు చెప్పాలి. స్వతంత్రం, సమానత్వం అని 1789లో లేచిన ఫ్రాన్స్, స్త్రీలకూ అవే హక్కులు కావాలని 1791లో రాసిన రచయిత్రి ఒలంప్ ద గూజ్‌ను 1793లో గిలటిన్ ఎక్కించింది, అదే ఏడాది ఆడవాళ్ళ క్లబ్బులను నిషేధించింది. 1804 పౌర చట్టం భార్య భర్తకు విధేయురాలై ఉండాలంది. అదే ఫ్రాన్స్‌లో స్త్రీలకు ఓటు 1944లో దక్కింది. భర్త ఒప్పుకోకపోయినా ఉద్యోగం చేసే, సొంత బ్యాంకు ఖాతా తెరిచే హక్కు 1965లో వచ్చింది. మార్కెట్ అంతా స్వేచ్ఛగానే ఉంది, ఆ మార్కెట్లోకి వెళ్ళడానికి భార్యకు మాత్రం పర్మిషన్ కావాలి. అమెరికాలో అప్పు ఇచ్చేటప్పుడు ఆడ, మగ తేడా చూపకూడదన్న చట్టం 1974లో వచ్చింది. ఈ రోజుకీ ప్రైవేటు ఉద్యోగులందరికీ వర్తించే జీతంతో కూడిన ప్రసూతి సెలవు అక్కడ కేంద్ర చట్టంలో లేదు. 1993 చట్టం ఇచ్చింది 12 వారాలు, జీతం లేకుండా, అదీ అందరికీ కాదు. కాన్పైన రెండో వారానికే పనిలోకి వెళ్ళాల్సి వచ్చే స్త్రీకి మార్కెట్ ఇచ్చిన స్వేచ్ఛ ఏపాటిదో ఆయన్నే చెప్పమనండి.

ఓటుతోనే అన్నీ వస్తాయన్న వాదానికి స్విట్జర్లాండ్ మంచి పరీక్ష. ప్రతి పెద్ద విషయం మీదా జనాన్నే ఓటు అడిగే దేశం అది. 1959లో స్త్రీలకు ఓటు ఇవ్వాలా అని అడిగితే, ఓటున్న మగవాళ్ళలో మూడింట రెండొంతుల మంది వద్దన్నారు. 1971లో గానీ ఒప్పుకోలేదు. అప్పెన్‌జెల్ ఇన్నర్‌రోడెన్ అనే చిన్న ప్రాంతంలో 1990లో కూడా మగవాళ్ళు బహిరంగ సభలో చేతులెత్తి వద్దన్నారు. చివరికి అదే ఏడాది ఓటు ఇచ్చి తీరాలని దేశపు అత్యున్నత న్యాయస్థానం చెప్పాల్సి వచ్చింది. హక్కు లేనివాళ్ళ హక్కు మీద హక్కున్నవాళ్ళే ఓటేస్తే ఏం జరుగుతుందో ఇది చూపిస్తుంది.

మీకు గొంతు పట్టేసిన ఆ క్షణం దగ్గరకు వస్తాను. "ముందు అది తేలాలి, తర్వాత మీ సంగతి" అన్న మాట కొత్తది కాదు. ఆ మాటను ఎదుర్కొన్న ఒక స్త్రీ కథ మీకు ఉపయోగపడుతుంది.

1931లో స్పెయిన్‌లో రాజరికం పోయి రిపబ్లిక్ వచ్చింది. కొత్త రాజ్యాంగం రాసే సభకు స్త్రీలు ఎన్నిక కావొచ్చు గానీ ఓటు వేయడానికి లేదు. ఆ సభలోని ఇద్దరు స్త్రీలు, క్లారా కాంపోఅమోర్, విక్టోరియా కెంట్, ఇద్దరూ న్యాయవాదులే, ఇద్దరూ రిపబ్లిక్ కోసం నిలబడ్డవాళ్ళే. అక్టోబరు 1న స్త్రీల ఓటుహక్కు మీద చర్చ జరిగింది. రాడికల్ సోషలిస్టు పార్టీకి చెందిన కెంట్ లేచి, ఇప్పుడే వద్దు, వాయిదా వేద్దాం అంది. స్త్రీలు చర్చి మాట వింటున్నారు, ఓటిస్తే పాత శక్తులకే వేస్తారు, రిపబ్లిక్ మేలు ముందు వాళ్ళ అనుభవంలోకి రావాలి అని ఆమె భయం. ఆమెది స్వార్థం కాదు. తాను నమ్మిన వ్యవస్థను కాపాడుకోవాలన్న ఆరాటమే. కాంపోఅమోర్ ఒప్పుకోలేదు. పన్నులు కట్టేటప్పుడు, చట్టాలకు లోబడేటప్పుడు స్త్రీలు పౌరులే అయితే, ఓటు దగ్గర ఎందుకు కారు అని అడిగింది. స్వేచ్ఛను వాడుకుంటేనే స్వేచ్ఛ అలవడుతుందని వాదించింది. సొంత పార్టీ ఆమె వెంట లేదు. సోషలిస్టుల్లో ఎక్కువమంది మాత్రం ఆమె వైపు ఓటేశారు. 161కి 121తో ఆమె గెలిచింది.

1933లో స్త్రీలు మొదటిసారి సార్వత్రిక ఎన్నికల్లో ఓటేశారు, కుడిపక్షం వాళ్ళు గెలిచారు. కాంపోఅమోర్ సీటు పోయింది. తప్పంతా ఆమెదే, ఆడవాళ్ళకు ఓటిప్పించి రిపబ్లిక్ కొంప ముంచింది అన్నారు. 1936లో అదే స్త్రీలు ఓటేసిన ఎన్నికల్లో వామపక్ష కూటమి గెలిచింది. అప్పుడు ఆమెను మెచ్చుకున్నవాళ్ళు లేరు. తర్వాత అంతర్యుద్ధం, ఫ్రాంకో, ప్రవాసం. ఆమె స్పెయిన్‌లో బతకడానికి మళ్ళీ రాలేకపోయింది. 1972లో స్విట్జర్లాండ్‌లోని లొసాన్‌లో చనిపోయింది. ఆమె తలదాచుకున్న దేశం స్త్రీలకు జాతీయ ఎన్నికల్లో ఓటు ఇచ్చి అప్పటికి ఏడాది దాటింది, అంతే.

ఈ కథను నేను ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. కాంపోఅమోర్ రిపబ్లిక్‌కు ద్రోహం చేయలేదు. రిపబ్లిక్ తన పేరుకు తగ్గట్టు ఉండాలని పట్టుబట్టింది. మీరు మీ మిత్రుడితో అనాల్సింది కూడా అదే. "నువ్వు చెప్పే సోషలిజం తప్పని నేననడం లేదు. అందులో నా వంతు ఎక్కడుందో చూపించమంటున్నాను." ఇది బయటివాళ్ళు చేసే దాడి కాదు.

"అది ఇంటి విషయం" అన్నవాళ్ళకు చెప్పడానికి స్వీడన్ కథ పట్టుకెళ్ళండి. 1974లో ఆ దేశం ప్రసూతి సెలవును తల్లిదండ్రులిద్దరి సెలవుగా మార్చింది. ఎవరైనా తీసుకోవచ్చు అంది. తండ్రులు తీసుకున్నది నామమాత్రం. ఇళ్ళలో మాట్లాడుకుని పంచుకుంటారులే అనుకుంటే ఇరవై ఏళ్ళయినా పెద్దగా మార్పు లేదు. 1995లో ఒక నెలను తండ్రికే కేటాయించారు, ఆయన తీసుకోకపోతే ఆ నెల పోతుంది. 2002లో రెండో నెల, 2016లో మూడో నెల చేర్చారు. ఇప్పుడు ఆ సెలవు రోజుల్లో ప్రతి పదింటిలో దాదాపు మూడు తండ్రులు వాడుకుంటున్నారు. సగం ఇంకా కాలేదు. కానీ చూడండి, బిడ్డను ఎవరు ఎత్తుకుంటారన్నది చట్టంలో ఒక్క వాక్యం మార్చితే మారింది. చట్టంతో మారేది వ్యవస్థ కాకపోతే మరేమిటి? భార్యాభర్తల ఆదాయాన్ని కలిపి పన్ను వేస్తారా, విడివిడిగా వేస్తారా అన్నది కూడా అలాంటిదే. కలిపి వేస్తే తక్కువ సంపాదించే మనిషి, చాలా ఇళ్ళలో భార్య, ఉద్యోగం మానేయడమే లాభంగా కనిపిస్తుంది. స్వీడన్ 1971లో విడివిడి పన్నుకు మారింది.

ఐస్‌లాండ్‌లో అయితే ఆడవాళ్ళు చట్టం కోసం ఎదురుచూడలేదు. 1975 అక్టోబరు 24న దాదాపు 90 శాతం మంది స్త్రీలు ఉద్యోగమూ ఇంటిపనీ రెండూ మానేసి వీధుల్లోకి వచ్చారు. సమ్మె అంటే కొందరు భయపడతారని "సెలవు రోజు" అని పేరు పెట్టారు. వామపక్ష స్త్రీలు, సంప్రదాయ మహిళా సంఘాలు కలిసి దాన్ని నడిపాయి. బడులు, శిశు కేంద్రాలు, చేపల ఫ్యాక్టరీలు ఆగిపోయాయి. పిల్లల్ని చూసేవాళ్ళు లేక తండ్రులు వాళ్ళను ఆఫీసులకు వెంటబెట్టుకెళ్ళారు. మరుసటి ఏడాదే పార్లమెంటు సమానత్వ చట్టం చేసింది. 1980లో విగ్దిస్ ఫిన్‌బోగదోత్తిర్‌ను అధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు. ఐస్‌లాండ్ సోషలిస్టు దేశం కాదు, ఆమాటకొస్తే మార్కెట్ తనంతట తాను ఇచ్చిందీ ఏమీ లేదు. అక్కడ ఆడవాళ్ళకు తమ సొంత సంఘాలున్నాయి, పని ఆపే హక్కు ఉంది, ఆపితే జైల్లో పెట్టే ప్రభుత్వం లేదు. ఈ మూడూ కలిసిన చోట వచ్చిన మార్పు నిలబడింది.

నా అభిప్రాయం దాచుకోను. చాకిరీకి విలువ కట్టాలి, శిశు సంరక్షణ ప్రభుత్వ బాధ్యత కావాలి, ఆడమనిషికి తన చేతి డబ్బు ఉండాలి అన్నవి సోషలిస్టు ఉద్యమం గట్టిగా వినిపించిన మాటలు, అవి నేటికీ సరైనవే. ఆ మాటలు వెనక్కి పోకుండా కాపాడేది ఎన్నికలు, స్వతంత్ర పత్రికలు, సొంత సంఘాలు. మొదటిది లేకపోతే రెండోది పేద స్త్రీకి పెద్దగా పనికిరాదు, రెండోది లేకపోతే మొదటిది పాలకుడి దయ.

చర్చలో ఎలా మాట్లాడాలని అడిగారు. ఎవరైనా "దానంతటదే" అన్నప్పుడల్లా ఆపి, ఎలా అని అడగండి. ఏ చట్టం ద్వారా, ఎవరు అమలు చేస్తే, ఎన్నాళ్ళకు అని. నిజమైన వాదమైతే జవాబు వస్తుంది. పోలికలు చేసేటప్పుడు ఒకే కాలాన్ని పోల్చమనండి. 1920 నాటి రష్యాను ఈనాటి స్వీడన్‌తో పోల్చడం న్యాయం కాదు, 1950ల అమెరికాను కాగితం మీది సోషలిజంతో పోల్చడమూ న్యాయం కాదు. పార్లమెంటులో ఎంతమంది స్త్రీలున్నారన్న అంకె ఒక్కటీ పట్టుకుని ఎవరైనా గెలవాలని చూస్తే ఒప్పుకోకండి. రువాండా దిగువ సభలో 2008 నుంచి స్త్రీలే ఎక్కువ, అది గౌరవించాల్సిన విషయమే, అయినా అక్కడ ప్రభుత్వాన్ని బాహాటంగా ఎదిరించడం ఎవరికీ తేలిక కాదు. ఇంకోటి, మీరు సోషలిస్టు దేశాలన్నిటి తరఫునా లాయరు కానక్కర్లేదు. చౌషెస్కూను వెనకేసుకురావాల్సిన అవసరం మీకేమీ లేదు. తప్పును తప్పని ఒప్పుకున్నాకే మీ మిగతా మాటకు బరువొస్తుంది.

నోట మాట రాకపోవడం మీ లోపం కాదు. అనుకోని దెబ్బకు ఎవరికైనా అలాగే అవుతుంది. వచ్చే సమావేశానికి "ఇంటిపని, ప్రభుత్వ వ్యవస్థ" అన్నదే అంశంగా పెట్టమని ముందుగానే అడగండి. మొదట మీరే మాట్లాడండి, పది నిమిషాలు, మధ్యలో ఎవరూ అందుకోకుండా. కాగితం మీద రాసుకుని చదివినా నామోషీ లేదు.

మానేయాలా అంటే, ఇప్పుడే వద్దు. ఆ అంశం పెట్టమని మీరడిగాక వాళ్ళేం చేస్తారో చూడండి. ఒప్పుకుని, సిద్ధమై వచ్చి, మీతో గట్టిగా వాదిస్తే అది మంచి స్నేహం, వదులుకోకండి. ప్రతిసారీ "తర్వాత చూద్దాం" అంటూ దాటవేస్తే మీకు జవాబు దొరికినట్టే. వెళ్ళినా మానేసినా, ఈ విషయాలు మాట్లాడుకోవడానికి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు మీకంటూ ఉండేలా చూసుకోండి. ఇల్లూ ఉద్యోగమూ రెండూ మోస్తున్నవాళ్ళు తమలో తాము మాట్లాడుకుంటే బయటికొచ్చే సంగతులు ఏ పుస్తకంలోనూ దొరకవు. జెనోత్‌దెల్ మూతపడ్డాక రష్యా ఆడవాళ్ళకు పోయింది ఆ చోటే.

ఇక ద్రోహం అనిపిస్తోందన్నారు కదా, సోషలిస్టుల చరిత్రే మీకు ధైర్యం చెబుతుంది. 1902లో బెల్జియంలో సోషలిస్టు పార్టీ ఉదారవాదులతో పొత్తు కోసం స్త్రీల ఓటుహక్కు డిమాండును పక్కన పెట్టేసింది. ముందు మగవాళ్ళందరికీ ఓటు రానివ్వండి అన్నారు. ఆస్ట్రియా సోషలిస్టులూ అదే దారి పట్టారు. 1907లో స్టుట్‌గార్ట్‌లో సోషలిస్టు స్త్రీల మొదటి అంతర్జాతీయ సమావేశం జరిగినప్పుడు జర్మన్ సోషలిస్టు నాయకురాలు క్లారా జెట్కిన్ ఈ వాయిదా బేరాలను సూటిగా విమర్శించింది. స్త్రీల ఓటుహక్కు కోసం పోరాడటం ప్రతి సోషలిస్టు పార్టీ బాధ్యత అని తీర్మానం చేయించింది. మూడేళ్ళ తర్వాత కోపెన్‌హాగెన్‌లో అంతర్జాతీయ మహిళా దినం జరపాలని ప్రతిపాదించింది కూడా ఆమే. సొంత పార్టీలను నిలదీసినందుకు ఆమె సోషలిస్టు కాకుండా పోలేదు. మీ మిత్రుడికి ఈ సంగతి తెలియకపోతే, మొదట ఇదే చెప్పండి.